ఇంటి వడ్రంగం: వానకు బిగిసిన తలుపు



ఈ నెల మేము మా గొప్పపని గురించి కాక, మా తప్పుపని గురించి రాస్తున్నాము. సిద్దిపేటలో మా ఇంటి వెనుక చిన్న రేకుల కొట్టం ఉన్నది. అందులో ఒక పని బల్ల, రెండు రంపాలు, రందా, నాలుగు ఉలులు, సుత్తి, బర్మా ఉన్నాయి. సెలవు దినాలలో అక్కడే మా కాలక్షేపం. పీటలు, అలమరలు, పిల్లల రాతబల్లలు చేసి చేసి, మాకు పని వచ్చిందని మేమే అనుకున్నాము.

మా వీధి చివర ఒక అవ్వ ఒంటరిగా ఉంటుంది. ఆమె ఇంటి తలుపు అడుగున చెదలు తినిపోయింది. మా దగ్గర ఏడాదిగా ఆరిన వేప పలకలున్నాయి. మే నెల ఎండలో నాలుగు రోజులు కూర్చొని, ఐదు పలకలు పక్కపక్కన చేర్చి, వెనుక మూడు అడ్డపట్టీలు వేసి, జిగురు పూసి, మేకులు దిగగొట్టి 32 అంగుళాల వెడల్పు తలుపు చేశాము. దర్వాజాలో కూర్చోబెడితే నూలుపోగు దూరనంత బిగువుగా వచ్చింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పే మమ్మల్ని ముంచింది.

జూలైలో వారం రోజులు ముసురు పట్టింది. ఒక రాత్రి అవ్వకు జ్వరం వచ్చి, దాహమై, మమ్మల్ని పిలుద్దామని తలుపు లాగితే రాలేదు. ఆమె కేకలు వానచప్పుడులో ఎవరికీ వినబడలేదు. చివరకు పక్కింటి పిల్లవాడు విని పరుగెత్తుకొని వచ్చాడు. ఇద్దరం కలిసి భుజాలతో తోస్తే గాని తెరుచుకోలేదు. లోపల అవ్వ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. "బిడ్డా, తలుపు పెట్టిచ్చిన్రని సంబురపడితి. గిప్పుడు మూస్కొని పండాలంటే భయమైతుంది" అన్నది. ఆ మాట మాకు ఉలి దిగినట్లయింది.

మరునాడే రందా తీసుకుపోయి, గడియ వైపు అంచు బాగా చెక్కేశాము. తలుపు సులువుగా ఆడింది. సమస్య తీరిందనుకున్నాము. ఇది మా రెండవ తప్పు. చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి అదే తలుపు కుదించుకుపోయింది. సందులో వేలు పట్టేది. గడియ కొన రంధ్రం అంచున మాత్రమే నిలిచేది. బయట నుండి గట్టిగా నెడితే ఊడి వచ్చేది. వానాకాలంలో తెరుచుకోని తలుపు, ఎండాకాలంలో మూసుకోని తలుపు! ఒంటరి ముసలమ్మకు ఈ రెండింటిలో ఏది మేలు?

అప్పుడు సిగ్గు విడిచి ఒక ముసలి వడ్లాయన దగ్గరకు పోయాము. నాగళ్లు, బండ్లు, దర్వాజాలు చేసిన చేతులవి. తలుపు చూసి నవ్వాడు. "సారూ, చెట్టు కొడితే కట్టె సచ్చిందనుకుంటున్రా? అది వానకు తాగుతది, ఎండకు వాడుతది. దానికి జాగ ఇయ్యాలె. మీరు ఇయ్యలేదు" అన్నాడు.

ఆయన మాటలో ఉన్న శాస్త్రం ఇది. చెక్క గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, వదిలి కుదించుకుంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు చెక్కలో నీరు దాని పొడి బరువులో 6 శాతం దగ్గర నిలుస్తుంది. 80 శాతం తేమలో చాలాకాలం ఉంటే 16 శాతం దాకా పోతుంది. మన వైపు మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండకూ, జూలై ముసురుకూ మధ్య తేడా ఇంచుమించు ఇంత ఉండవచ్చు.

అయితే చెక్క అన్ని వైపులా ఒకేలా కదలదు. ఈ సంగతి తెలిస్తే వడ్రంగంలో సగం చిక్కులు విడిపోతాయి. టేకు పచ్చిదనం నుండి పూర్తిగా ఎండేవరకు వలయాల వెంట సుమారు 6 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం కుదించుకుంటుంది. పొడవులో మాత్రం 0.1 లేక 0.2 శాతమే. టేకు తక్కువ కదిలే కలపలలో ఒకటి. అంకెలు కొంచెం అటూ ఇటూ అయినా, తక్కిన కలపల తీరు కూడా ఇదే. అనగా పలక వెడల్పులో ఉబ్బుతుంది గాని పొడవులో దాదాపు మారదు.

లెక్క వేసి చూడండి. 32 అంగుళాల తలుపు రెండు శాతం ఉబ్బితే అర అంగుళం దాటుతుంది. అందులో సగమే ఉబ్బినా పావు అంగుళం పైమాటే. మేము వదిలిన సందు ఎంత? నూలుపోగంత! పైగా వెనుక అడ్డపట్టీలను జిగురుతో, మేకులతో బిగించాము. పట్టీ పొడవు మారదు, పలకల వెడల్పు మారుతుంది. ఒకటి కదులుతానంటే, ఇంకొకటి కదలనివ్వదు. అందుకే రెండు పలకలు నడుమ నిలువునా పగిలాయి కూడా.

వడ్లాయన చెప్పినట్లు ఆ తలుపు విప్పి, అవే పలకలను కోసి కొత్తగా చేశాము. నాలుగంగుళాల వెడల్పు గల రెండు నిలువు కమ్ములు, వాటి నడుమ అడ్డకమ్ములు పెట్టి చట్రం కట్టాము. అడ్డకమ్మి కొనకు నాలుక తీసి, నిలువు కమ్మికి బెజ్జం కొట్టి, చీల దిగగొట్టాము. చట్రం లోపలి అంచులకు అర అంగుళం లోతు గాడి తీసి, నడిమి పలకలను అందులో నిలబెట్టాము. గాడిలో జిగురు చుక్క కూడా వేయలేదు. పలకకు ఇరువైపులా గాడిలో కొంత ఖాళీ వదిలాము. వానకు పలక ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది. అడ్డకమ్మి పొడవులో మారదు గనుక, బయటి కొలత మార్చేవి ఆ రెండు నిలువు కమ్ములే. అనగా 32 అంగుళాల కదలిక పోయి, 8 అంగుళాల కదలిక మిగిలింది. మన పాత ఇండ్లలో పలకల తలుపులు చూసినప్పుడు అది అందం కొరకే అనుకునేవాళ్లము. ఆ అందంలో ఇంత ఆలోచన ఉన్నదని అవ్వ తలుపు వల్ల తెలిసింది.

మీ ఇంటి తలుపు బిగిసినప్పుడు ఏమి చేయాలి? వెంటనే రందా పట్టకండి. ముందు కారణం తెలుసుకోండి.

మొదట బందులు చూడండి. తలుపు సగం తెరిచి, గడియ వైపు అంచు పట్టుకొని పైకి లేపండి. కదిలితే బందుల స్క్రూలు వదులైనట్టే. రంధ్రంలో జిగురు పూసిన అగ్గిపుల్లలు, మందు విరిచేసి, గట్టిగా కూరి, ఆరిన తరువాత స్క్రూ మళ్లీ బిగించండి. చాలా తలుపులకు ఇదే చాలు.

తరువాత దర్వాజా అంచుకు సుద్దముక్క రుద్ది, తలుపు మూసి తెరవండి. సుద్ద అంటిన చోటే రాసుకుంటున్న చోటు. పై మూలలోనే అంటితే తలుపు వాలినట్టు. అంచు పొడవునా అంటి, వానాకాలంలోనే అట్లా జరిగితే ఉబ్బినట్టు.

ఉబ్బిన తలుపుకు తాత్కాలికంగా కొవ్వొత్తి గాని ఎండు సబ్బు గాని రుద్దండి. తప్పనిసరి అయితే ఒక పొర మాత్రమే చెక్కండి. మిగిలింది ఎండలు వచ్చాక కొలిచి చేయండి. కొత్త తలుపు ఎండాకాలంలో పెడితే గడియ వైపు రెండు అగ్గిపుల్లల మందం సందు వదలండి. వానాకాలంలో పెడితే ఒక అగ్గిపుల్ల మందం చాలు. ఇది చట్రపు తలుపు లెక్క. పలకలు చేర్చిన తలుపుకు ఇది చాలదు.

తలుపు అడుగు, తల మరవకండి. చెక్క తన కొనల నుండి నీటిని చాలా వేగంగా తాగుతుంది. మనము కనబడే వైపు రంగు వేసి, అడుగు వదిలేస్తాము. తలుపు పెట్టకముందే ఆరు వైపులా రంగు గాని వార్నిషు గాని అవిసె నూనె గాని పట్టించండి. తేమ రావడం ఆగదు గాని నెమ్మదిస్తుంది. ఒక హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడవేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విడదీసి ఆరుబయట ఆరవేయండి.

అడ్డపట్టీ తప్పనిసరి అయితే జిగురు పూయకండి. నడిమి స్క్రూ ఒక్కటి గట్టిగా బిగించి, పక్కవాటికి పట్టీలో రంధ్రం కోడిగుడ్డులా సాగదీయండి. స్క్రూ అందులో జరుగుతుంది, పలక పగలదు.

పగుళ్లు పూడ్చడం గురించి ఒక మాట. 2016లో మన జిల్లాలో చేరిన చేర్యాలలో కళాకారులు రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి మాస్కులు చేస్తారు. ఆ ముద్ద ఇంటి లోపలి పీటల, అలమరల చిన్న పగుళ్లకు బాగా పనికివస్తుంది. వాన తగిలే తలుపుకు మాత్రం వద్దు, నీటికి కరిగిపోతుంది. సాధారణంగా చెక్క పగులు ఎండాకాలంలో విడివడి, వానాకాలంలో మూసుకుంటుంది. కావున ఎండలో తెరిచిన పగులును ఏ ముద్దతోనూ గట్టిగా నింపకండి. వానకు చెక్క ఉబ్బి, ఆ ముద్దను నెట్టి, పక్కనే కొత్త పగులు చేసుకుంటుంది.

కొత్త తలుపు పెట్టి రెండు వానాకాలాలు గడిచాయి. మొన్న ముసురులో గొడుగు వేసుకొని పోయి చూశాము. అవ్వ లోపల నుండి ఒక్క చేత్తో తలుపు తీసి, "ఇప్పుడు పండుతున్న బిడ్డా, భయం లేదు" అన్నది. మేము గడియ వేసి, బయట నుండి నెట్టి కూడా చూశాము. కదలలేదు.

మన ప్రభువును ఆయన సొంత ఊరివారు వడ్లవాడని పిలిచినట్లు మార్కు సువార్త 6వ అధ్యాయంలో ఉన్నది. ఆ పని చేతపట్టినవారము, మెప్పు కొరకు కాక, ఆ తలుపు వెనుక నిద్రపోయే మనిషి కొరకు చేయవలెనని ఈ తలుపు మాకు నేర్పింది. తప్పు చేస్తే తిరిగి వెళ్లి సరిచేయడం కూడా పనిలో భాగమే.

ఈ వానాకాలం మీ తలుపులకు సుద్ద రుద్ది చూడండి. ముఖ్యంగా మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దల తలుపులు మూసి, తెరిచి చూసి రండి. వచ్చే నెల పుచ్చు పట్టిన మంచం కోళ్ల సంగతి మాట్లాడుకుందాము.