వద్దనుకుంటే వద్దని చెప్పండి

ఈసారి కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

విషయం మన పిల్లల డేటింగ్. ఆ మాట వినగానే ముఖం చిట్లించకండి. చెన్నైలో, కోయంబత్తూరులో, హోసూరులో మన ఇళ్ళలో జరుగుతున్నది అదే. మ్యాట్రిమోనీలో ప్రొఫైల్ మనమే పెడతాం. జాతకాలు చూస్తాం. "ఇద్దరూ మాట్లాడుకోండి" అని నంబర్లు ఇచ్చేస్తాం. ఆ తరువాత రెండు మూడు నెలలు ఫోన్లు, వాట్సాప్, ఒకటి రెండు సార్లు కాఫీ. పేరు ఏదైనా పెట్టుకోండి, పని అదే.

మన తాతల కాలంలో ఈ చిక్కు తక్కువ. మేనమామ కూతురో, మేనత్త కొడుకో, లేకపోతే తెలిసినవాళ్ళ ఇల్లో. పిల్లాడి కోపం, పిల్ల మొండితనం అందరికీ ముందే తెలుసు. ఇప్పుడు బొత్తిగా తెలియని మనిషిని మూడు నెలల్లో తెలుసుకోమంటున్నాం. ఎలాగో ఎవరూ నేర్పలేదు.

ఇందులో కష్టాలు చాలా ఉన్నాయి. నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది జవాబు చెప్పకుండా మాయమైపోవడం. పిల్లలు దీన్ని ఘోస్టింగ్ అంటారు. నాకు తెలిసిన ఒక అమ్మాయితో పది వారాలు రోజూ మాట్లాడిన అబ్బాయి ఒక సోమవారం నుండి ఫోన్ ఎత్తలేదు. వాళ్ళ ఇంట్లోవాళ్ళూ ఎత్తలేదు. ఆ పిల్ల "నేనేం తప్పు మాట్లాడాను?" అని పాత మెసేజులన్నీ రాత్రిళ్ళు కూర్చుని చదివింది. "పోనీలే, ఇంతకంటే మంచి సంబంధం వస్తుంది" అని అమ్మ చెప్పిన మాట చెవికెక్కలేదు.

ఎక్కదు. 2003లో అమెరికాలో నవోమీ ఐసెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె తోటివారు ఒక పరీక్ష చేశారు. కంప్యూటర్‌లో ముగ్గురు బంతి విసురుకునే ఆట. కాసేపటికి ఇద్దరూ కలిసి మూడో మనిషికి బంతి వెయ్యడం మానేస్తారు. అంతే. ఆ మూడో మనిషి మెదడు స్కాన్ తీస్తే, ఒంటికి నొప్పి కలిగినప్పుడు పనిచేసే భాగాల్లో ఒకటి అప్పుడూ పనిచేసింది. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు బంతి వెయ్యకపోతేనే ఇంత. పది వారాలు మాట్లాడిన మనిషి మాయమైతే?

వద్దన్న మాట కూడా నొప్పే. కాని ఆ నొప్పికి ఒక ముగింపు ఉంది. జవాబే లేనప్పుడు మనసు ఊరుకోదు, కారణాలు తానే అల్లుకుంటుంది. నా రంగా, నా లావా, నా జీతమా అని. రిజర్వేషన్ కౌంటర్‌లో చాలా ఏళ్ళు కూర్చున్నవాణ్ణి. టికెట్ లేదంటే మనిషి కోప్పడతాడు, తరువాత బస్సు చూసుకుంటాడు. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాడే చార్టు వేసేదాకా నిద్రపోడు.

అయితే పిల్లల్ని తిట్టకండి. ఈ విద్య వాళ్ళు మన దగ్గరే నేర్చుకున్నారు. పెళ్ళిచూపులకు వెళ్ళి, సొజ్జి బజ్జి తిని, "ఊరుక్కు పోయి లెటర్ పోడరోమ్" అని చెప్పి, ఆ లెటర్ ఎప్పటికీ వెయ్యనివాళ్ళు మన పెద్దలే. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. వద్దనుకున్న పెళ్ళికి ఒక్క నిజం చెప్పడానికి మాత్రం మనకు నోరు రాదు.

ఇంకొక కారణం కూడా ఉంది. ఫోన్‌లో వందల ప్రొఫైళ్ళు. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ ఒక అంగడిలో జామ్ సీసాలు పెట్టి చూశారు, ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. 6 రకాలు పెట్టినప్పుడు రుచి చూసినవాళ్ళలో 100కి దాదాపు 30 మంది కొన్నారు. 24 రకాలు పెడితే 3 మందే కొన్నారు. అన్నిచోట్లా ఇలా జరగదని తరువాతి పరిశోధనలు చెప్పాయి. కాని మన ఇళ్ళలో మాత్రం చూస్తున్నాం. "ఇంకొకటి చూద్దాం" అని ఉన్నదాన్ని వదలరు, పట్టుకోరు.

ముఖం మీద వద్దంటే బంధుత్వం చెడదా అని అడుగుతారు. ఆరు నెలలు ఎదురుచూపించినా చెడుతుంది, ఇంకా ఎక్కువ చెడుతుంది. కారణాలన్నీ చెప్పనక్కర్లేదు. రూపం గురించి, డబ్బు గురించి అసలే వద్దు. "మీరు మంచివారే. కాని మనిద్దరికీ కుదురుతుందని నాకు అనిపించలేదు. మీకు మంచి సంబంధం దొరకాలి." ఈ మూడు వాక్యాలు చాలు. బెదిరించేవాడికి, డబ్బు అడిగేవాడికి మాత్రం ఏ జవాబూ బాకీ లేదు. బ్లాక్ చేసి ఇంట్లో చెప్పండి.

వద్దనిపించుకున్న పిల్లలకు ఒక మాట. కుదరలేదంటే ఆ ఇద్దరికీ కుదరలేదని అర్థం, మీకు విలువ లేదని కాదు. పాత మెసేజులు చదవడం ఆపండి. నాలుగు రోజులు స్నేహితులతో, అమ్మానాన్నలతో ఉండండి. అమ్మానాన్నలు కూడా మరునాడే ఇంకొక ఫోటో చూపించకండి.

సంఘానికి నా విన్నపం ఒకటే. మన దగ్గర జాతకం తీసుకున్న ఏ ఇల్లయినా 15 రోజుల్లో అవునో కాదో చెప్పాలి. పిల్లలు మాట్లాడుకోవడం మొదలుపెడితే, ఆపాలనుకున్నవాళ్ళు ఆ మాట చెప్పే ఆపాలి. దీన్ని మన నిబంధనల్లో చేర్చమని వచ్చే మీటింగ్‌లో అడుగుతాను. మీ అభిప్రాయం కింద రాయండి. సరే అనండి, కాదనండి. "చూద్దాం" అని మాత్రం రాయకండి.