ఎదుటి కుర్చీలో ఎవరు?

ఉత్తర చెన్నైలోని మనలిలో షిఫ్టు మారే వేళకు ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. అందరి తల మీదా అదే హెల్మెట్, అందరి కాళ్ళకూ అవే బూట్లు. 1969లో రిఫైనరీ నడక మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఈ ఊరికి ఇది అలవాటైన దృశ్యమే. గేటు దాటాక మాత్రం చట్టం వాళ్ళను పర్మనెంటు, కాంట్రాక్టు, అప్రెంటిస్ అని మూడుగా విడదీస్తుంది. వీరిలో అప్రెంటిస్ సంగతి చూడాలి. యంత్రం దగ్గర నిలబడి పని చేసినా అతను కార్మికుడు కాడని, శిక్షణ పొందేవాడు మాత్రమేనని 1961 నాటి అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ తేల్చేసింది. కాబట్టి అతని చేతికొచ్చేది జీతం కాదు, స్టైపెండ్.

ఇదే చెన్నైలో దక్షిణాన, గిండీ అడవి పక్కన ఉన్న ఐఐటీలోనూ ఆ మాటే వినిపిస్తుంది. అక్కడి పీహెచ్‌డీ విద్యార్థులు బీటెక్ పిల్లలకు ల్యాబ్ చేయిస్తారు, ట్యుటోరియల్ చెబుతారు, పేపర్లు దిద్దుతారు. గైడ్ తెచ్చిన ప్రాజెక్టు పని కూడా వాళ్ళ చేతుల మీదుగానే సాగుతుంది. వాళ్ళకూ వచ్చేది స్టైపెండే. వాళ్ళూ కార్మికులు కారు, విద్యార్థులు.

ఇక్కడ ఒక తేడాను మనం గమనించడం లేదు. అప్రెంటిస్‌ను కార్మికుడు కాదన్న ఆ చట్టమే, 14వ సెక్షన్ కింద ఫ్యాక్టరీల చట్టంలోని ఆరోగ్య, భద్రత నిబంధనలను అతనికి వర్తింపజేసింది. 16వ సెక్షన్ కింద, పనిలో గాయపడితే పరిహారం ఇవ్వాలంది. పని గంటలకూ హద్దు పెట్టింది. అర్ధరాత్రి రెండింటికి రసాయనాల మధ్య ఒంటరిగా ప్రయోగం చేసుకునే స్కాలర్‌కు ఈ మూడింటిలో ఒక్కటీ చట్టపరమైన హక్కుగా లేదు. ఏదైనా జరిగితే సంస్థ దయ తలచాలి. మనలి అప్రెంటిస్‌కు ఉన్నపాటి రక్షణ కూడా దేశం గర్వంగా చెప్పుకునే పరిశోధకుడికి లేకపోవడం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది.

డబ్బు సంగతికొస్తే, నెలనెలా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2014లో 16,000 నుంచి 25,000 అయింది. 2019 జనవరిలో 31,000, 2023 జనవరి నుంచి 37,000. మొత్తాలు ఫర్వాలేదనిపించవచ్చు. అవి ఎలా పెరిగాయన్నదే అసలు విషయం. ప్రభుత్వ ఉద్యోగికి కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు లెక్క తేలుతుంది. స్కాలర్‌కు అలాంటి లెక్కే లేదు. 2018, 2019ల్లో దేశమంతా స్కాలర్లు రోడ్డెక్కారు, ఢిల్లీలో అరెస్టులూ అయ్యారు. ఆ తర్వాతే 31,000 ఉత్తర్వు వచ్చింది. నెట్ పరీక్ష అర్హత లేకుండా కేంద్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసేవారికిచ్చే 8,000 రూపాయలను కూడా ఆపేస్తామంటే, 2015 అక్టోబరులో విద్యార్థులు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) గేటు ముందే మకాం వేయాల్సి వచ్చింది. ఇన్ని పోరాటాల్లోనూ వాళ్ళు వినతిపత్రాలు ఇచ్చారు, హామీలు విన్నారు. ఇరుపక్షాలూ కూర్చుని సంతకం చేసిన ఒప్పందం మాత్రం ఒక్కటీ లేదు.

మనలిలో యూనియన్ మనిషిని కదిపితే నాలుగో మాటకు ‘12(3)’ అంటాడు. లేబర్ ఆఫీసర్ సమక్షంలో యాజమాన్యం, యూనియన్ చేసుకునే ఒప్పందానికి పారిశ్రామిక వివాదాల చట్టం ఇచ్చిన సెక్షన్ నంబరు అది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చినా, యాభై ఏళ్ళుగా నోట నానిన మాట అంత తొందరగా పోదు. 12(3) ఉన్నచోట ఎదుటి కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి, విని జవాబు చెప్పాలి. స్కాలర్ ఎదుట ఉన్న కుర్చీ ఖాళీ. గైడ్‌ను అడిగితే డీన్ అంటారు, డీన్‌ను అడిగితే యూజీసీ అంటారు, యూజీసీ మళ్ళీ యూనివర్సిటీ వైపే చూపిస్తుంది. ఫెలోషిప్ పడాలంటే యూనివర్సిటీ ఉద్యోగి నెలనెలా పోర్టల్‌లో కన్ఫర్మేషన్ ఇవ్వాలి. అతను ఒక నెల మరిస్తే ఆ నెల అద్దె అప్పు చేసి కట్టాల్సిందే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల 2016 జనవరి 17న రాసిన చివరి లేఖలో, తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ 1,75,000 రూపాయల ప్రస్తావన ఉంది. ప్రాణం పోయే వేళ కూడా ఒక స్కాలర్ బకాయి లెక్క రాసుకోవాల్సి వచ్చింది.

మరి తెలుగునాట చదువుకుంటూ పనిచేసేవాళ్ళు గెలిచిన సందర్భాలు లేవా? ఉన్నాయి. జూనియర్ డాక్టర్లు, అంటే జూడాలు. పీజీ వైద్య విద్యార్థులు, హౌస్ సర్జన్లు కాగితం మీద విద్యార్థులే. గాంధీ ఆసుపత్రిలోనో ఉస్మానియాలోనో రాత్రి రెండింటికి రోగి మంచం పక్కన నిలబడేది వాళ్ళే. 2021 మేలో, కోవిడ్ రెండో ఉధృతిలో తెలంగాణ జూడాలు సమ్మెకు దిగి స్టైపెండ్ పెంపు సాధించుకున్నారు. 2024 జూన్‌లో మళ్ళీ దిగినప్పుడు, స్టైపెండ్ నెలనెలా ఆగకుండా పడేలా గ్రీన్ ఛానల్ కావాలన్నది వాళ్ళ ముఖ్య డిమాండ్లలో ఒకటి. ప్రభుత్వం రోజుల వ్యవధిలో చర్చలకు పిలిచింది. ఎందుకు పిలిచింది? ఓపీ ఆగితే గంటలో ఊరంతా తెలుస్తుంది. థీసిస్ ఆగితే రాసేవాడి తల్లిదండ్రులకు తప్ప ఇంకెవరికీ పట్టదు.

అయితే స్కాలర్లు చేసేది థీసిస్ ఒక్కటే కాదు. ఆ సంగతి కాలిఫోర్నియాలో బయటపడింది. 2022 నవంబరు 14న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లన్నిటా సుమారు 48,000 మంది టీచింగ్ అసిస్టెంట్లు (టీఏలు), రీసెర్చ్ అసిస్టెంట్లు (ఆర్ఏలు), పోస్ట్‌డాక్‌లు పని ఆపేశారు. సరిగ్గా పరీక్షలు దగ్గరపడే కాలం. పేపర్లు దిద్దేవాళ్ళు లేక గ్రేడ్లు ఆగాయి. ఆరు వారాలు తిరిగేసరికి, ఏడాదికి 23,000 డాలర్ల చిల్లర ఉన్న టీఏల కనీస వేతనాన్ని 2024 అక్టోబరు నాటికి 34,000 దాకా పెంచే ఒప్పందం కుదిరింది. ఇది దూరపు కబురు కాదు. విజయవాడ నుంచి, వరంగల్ నుంచి వెళ్ళిన మన పిల్లలు అక్కడ వారానికి 20 గంటల టీఏ, ఆర్ఏ పని మీదే ఫీజు గట్టెక్కుతున్నారు. వీసా మీద ఉన్నవారికి కూడా యూనియన్‌లో చేరే హక్కు అక్కడి చట్టం ఇస్తుంది. ఆ హక్కు అక్కడా తేలిగ్గా రాలేదు. ప్రైవేటు యూనివర్సిటీల టీఏలను ఉద్యోగులని 2000లో ఒప్పుకున్న అమెరికా కార్మిక బోర్డు, 2004లో కాదంది. 2016 ఆగస్టులో కొలంబియా యూనివర్సిటీ కేసులో మళ్ళీ అవునంది. విద్యార్థి అయినంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోడన్నది ఆ చివరి తీర్పు సారం.

మన న్యాయస్థానాలూ ఇటూ అటూ ఊగాయి. పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో విశ్వవిద్యాలయం పరిశ్రమ కాదని 1963లో ఢిల్లీ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1978 ఫిబ్రవరి 21న బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తిరగరాసింది. 1988లో మాత్రం, పాఠం చెప్పే టీచరు ‘వర్క్‌మన్’ కిందికి రాడని మరో తీర్పు వచ్చింది. టీచరే రానప్పుడు స్కాలర్ మాట చెప్పేదేముంది?

యూనియన్ వస్తే గురుశిష్య బంధం చెడుతుందని చాలామంది ప్రొఫెసర్లు మనస్ఫూర్తిగానే నమ్ముతారు. వారితో నేను ఏకీభవించలేను. పాఠం చెప్పేదీ, పని చేయించేదీ, సంతకం పెట్టేదీ, రేపు సిఫారసు లేఖ రాసేదీ ఒక్కరే అయినచోట శిష్యుడు నోరు మెదపలేడు. సెలవు ఎన్ని రోజులు, ల్యాబ్‌లో ఎన్ని గంటలు, గైడ్‌తో పొసగకపోతే ఎటు పోవాలన్నది రాతపూర్వకంగా ఉంటే మంచి గైడ్‌కు నష్టం ఏమీ లేదు.

అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. మనలి కార్మికుడు అదే గేటులో ముప్పై ఏళ్ళు తిరుగుతాడు. స్కాలర్ ఐదారేళ్ళకు వెళ్ళిపోతాడు, పోరాడి నేర్చుకున్నది అతనితోనే పోతుంది. పార్టీల విద్యార్థి సంఘాలు ఎన్నికలకూ నినాదాలకూ పనికొస్తాయి కానీ పని గంటలు, బకాయిలు బేరమాడే సంఘం పని వేరు. దానికి చందా పుస్తకం, ఆఫీసు, పాత ఫైళ్ళు దాచే మనిషి కావాలి.

చట్టం వచ్చేదాకా ఆగాలనేవారికి ఇదే నగరంలోని పెరంబూరు కథ చెబుతాను. 1918 ఏప్రిల్ 27న బకింగ్‌హాం, కర్ణాటక్ మిల్లుల కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మొదలుపెట్టింది సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు అనే ఇద్దరు చిన్న వ్యాపారులు. అధ్యక్షుడు దివ్యజ్ఞాన సమాజానికి చెందిన బి.పి. వాడియా. మధ్యాహ్నం అన్నం తినడానికి చాలినంత సేపు ఇవ్వమన్నది తొలి కోరికల్లో ఒకటి. అప్పటికి దేశంలో ట్రేడ్ యూనియన్ చట్టమే లేదు. కంపెనీ మద్రాసు హైకోర్టుకు వెళ్ళి వాడియా మీద నిషేధపు ఉత్తర్వు తెచ్చుకుంది. ఆ దెబ్బతోనే కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో చట్టం కోసం పట్టుబట్టాడు, 1926లో అది వచ్చింది. సంఘం ముందు, చట్టం ఎనిమిదేళ్ళ తర్వాత.

మద్రాసు యూనివర్సిటీలో, అన్నా యూనివర్సిటీలో, ఐఐటీలో పీహెచ్‌డీ చేస్తున్న తెలుగు పిల్లలకు నాదొక విన్నపం. ఒక ఆదివారం ఉత్తరం వైపు బస్సెక్కి మనలికి రండి. ఏ యూనియన్ ఆఫీసుకైనా వెళ్ళి, పాత 12(3) ఒప్పందం కాగితం ఒకటి చూపించమని అడగండి. అందులో గంటలు ఎలా రాశారో, గాయానికి ఏం రాశారో, ఎవరెవరు సంతకాలు చేశారో చదవండి. మీ డిపార్ట్‌మెంటుకు తిరిగి వెళ్ళి అలాంటిదే ఒకటి రాసి, సంతకాల చోటు ఖాళీగా ఉంచి, రిజిస్ట్రార్ చేతికివ్వండి.