బొమ్మతో పాటు పేరూ ప్రయాణించాలి

ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి వాయవ్యంగా దాదాపు 290 కిలోమీటర్లు ఎడారిలో వెళ్తే యుయెండుము వస్తుంది. వార్ల్‌పిరి ఆదివాసుల చిన్న ఊరు. అక్కడి చిత్రకారులు 1985లో తమ సొంత సంస్థగా వార్లుకుర్లాంగు కళాకేంద్రాన్ని పెట్టుకున్నారు. ఇవాళ ఆ ఎడారి ఊరి బొమ్మలు వెబ్‌సైట్ ద్వారా దేశదేశాలకు వెళ్తున్నాయి.

ఆ వెబ్‌సైట్‌లో ఏ బొమ్మ తెరిచినా గీసినవారి పేరు, కొలతలు, ధర, క్యాటలాగ్ నెంబరు, బొమ్మ వెనకున్న కథ కనిపిస్తాయి. కొన్నవారికి ధ్రువపత్రం అందుతుంది. మన దగ్గర చేర్యాల పటమైనా, నిమ్మలకుంట తోలుబొమ్మైనా దుకాణంలోకి చేరేసరికి చాలాసార్లు ఊరి పేరే మిగులుతుంది, మనిషి పేరు పోతుంది. వాట్సాప్‌లో ఫొటో వస్తుంది; కొలతలు ఉండవు, ధర కోసం ఫోన్ చేయాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన మంచి బొమ్మ వారం తిరగకుండానే అడుగున పడిపోతుంది.

అసలు తేడా పని పంచుకోవడంలో ఉంది. అక్కడ చిత్రకారులు బొమ్మ గీస్తారు. ఫొటో తీయడం, వివరాలు ఎక్కించడం, ప్యాక్ చేసి పంపడం కేంద్రం సిబ్బంది పని. మధ్య ఆస్ట్రేలియా కళాకేంద్రాల సమాఖ్య డెసార్ట్ ఇందుకోసం 'శామ్' అనే సాఫ్ట్‌వేర్ తయారు చేయించింది. బొమ్మ వివరాలు, కథ, కళాకారులకు చెల్లించిన డబ్బు అన్నీ అందులో నమోదవుతాయి. ఇక్కడ మాత్రం ఈ బరువంతా ఇంట్లో సెల్‌ఫోన్ తెలిసిన పిల్లల మీద పడుతోంది.

కథ విషయంలోనూ అక్కడివారు జాగ్రత్తపరులు. పవిత్రమైన కథలో ఎంత బయటపెట్టాలో సమాజమే నిర్ణయిస్తుంది. మనకూ కథలకు కొదవ లేదు. కథలు చెప్పే కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించేది చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటం చూపిస్తూనే. అలాంటి కథను బొమ్మ పక్కన నాలుగు వాక్యాల్లో తెలుగులో, ఇంగ్లీషులో రాసి పెడితే కొనేవారికి గోడ అలంకరణ కాదు, ఒక పరంపర అందుతుంది.

అక్కడా అంతా సవ్యంగా లేదు. కేంద్రాలకు ప్రభుత్వ నిధుల ఆసరా కావాలి. పర్యాటకుల దుకాణాల్లో నకిలీలూ ఉన్నాయి, ఇక్కడ స్క్రీన్ ప్రింట్ బట్ట కలంకారీ పేరుతో అమ్ముడైనట్టే. కాని నమోదు ఉన్నచోట హక్కు అడగడం తేలిక. 2010 నుంచి ఆస్ట్రేలియాలో వెయ్యి డాలర్లు, అంతకు మించిన పునర్విక్రయాల్లో కళాకారులకు 5 శాతం చెందాలన్న చట్టం అమల్లో ఉంది. మన కాపీరైట్ చట్టంలోనూ 53ఏ సెక్షన్ ఉంది: మూలచిత్రం పది వేల రూపాయలకు మించి తిరిగి అమ్ముడైతే కళాకారులు వాటా కోరవచ్చు, అది 10 శాతం దాకా ఉండవచ్చు. గీసిందెవరో రుజువు లేకపోతే ఆ వాటా ఎవరు అడగగలరు?

సొంత వెబ్ చిరునామాకు ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు చాలు. ఖరీదైనది మనిషి శ్రమ. దాన్ని ఒక్కో కుటుంబం మోయనక్కర్లేదు. కలంకారీ ఊళ్లైన శ్రీకాళహస్తి, పెడనలతో పాటు చేర్యాల, నిమ్మలకుంట కళాకారుల సంఘాలు తలా కొంత వేసుకుని శిక్షణ పొందిన ఒకరిని నియమించుకోవచ్చు. పగటి వెలుగులో ఫొటో, సెంటీమీటర్లలో కొలతలు, వరుస నెంబరు, కథ, పేరు: ఇవాళ చేతిలో ఉన్న బొమ్మతోనే మొదలుపెట్టవచ్చు. కొనే మనమూ ఒక పని చేయాలి. ధర అడిగే ముందు, గీసిందెవరని అడగాలి.