రాయి పగలడం కరామత్ కాదు

ఈ నెల ఒక తల్లి ప్రశ్నతో ఈ శీర్షికను ప్రారంభిస్తున్నాము. ఆమెది నల్గొండ జిల్లా. పదమూడేళ్ల కుమారుడు, పదహారేళ్ల కుమార్తె కరాటే నేర్చుకుంటున్నారు. వార్షిక ప్రదర్శనలో బాలుడి ఛాతీపై బండ పెట్టి సుత్తితో పగలగొడతారట. తాను దమ్ చేసి ఇచ్చే తావీజు కట్టుకుంటే దెబ్బ తగలదనీ, చేయి తాకకుండానే మనిషిని పడగొట్టే శక్తి తనకున్నదనీ మాస్టరు చెబుతున్నాడట. తావీజుకు వేరే రుసుము. “ఇది కరామతేనా? పిల్లవాణ్ణి పంపమంటారా?” అని ఆ తల్లి అడిగారు.

ముందుగా ఒక మాట. వ్యాయామం, ఆత్మరక్షణ మన ధర్మానికి పరాయివి కావు. దైవప్రవక్త (స) విలువిద్యను ప్రోత్సహించారు. కనుక మా అభ్యంతరం కరాటేపై కాదు, దాని పేరిట అమ్ముతున్న మహిమపైనే.

బండ సంగతి చూద్దాం. అది బరువుగా ఉండటమే అక్కడి రహస్యం. బరువైన బండ సుత్తి దెబ్బకు అంత వేగంగా కదలదు. దెబ్బలోని బలం చాలావరకు రాయిని పగలగొట్టడానికే ఖర్చవుతుంది. మిగిలినది ఛాతీ అంతటా పరచుకుంటుంది. బండ పలుచనిదైనా, సుత్తి గురి తప్పినా పక్కటెముకలు విరుగుతాయి. అప్పుడు ఏ తావీజూ ఆదుకోదు. మేకుల పాన్పు కూడా ఇంతే. వందల మేకులు శరీర భారాన్ని పంచుకుంటాయి గనుక ఏ ఒక్కటీ లోతుగా దిగదు.

మన పాలమూరు, నల్గొండ గుట్టల్లో రాయి కొట్టే వడ్డెర సోదరులకు రాతి స్వభావం కొత్త కాదు. పొర ఎటు నడుస్తున్నదో చూసి, వరుసగా గుంటలు తొలిచి, చీలలు దిగగొట్టి ఇంతటి బండనైనా చీలుస్తారు. 1955లో పునాదిరాయి పడి, 1967లో కాలువలకు నీరిచ్చిన నాగార్జునసాగర్ ఆనకట్ట వేలాది కూలీలు రాయిపై రాయి పేర్చి కట్టినదే. దానిని ఎవరూ తమ మహిమగా చెప్పుకోలేదు.

మొహర్రం రోజుల్లో పీర్లను ఎత్తుకొని నిప్పులపై నడిచేవారిని మన పల్లెల్లో చూస్తుంటాము. బూడిద పట్టిన నిప్పు వేడిని నెమ్మదిగా అందిస్తుంది. పాదం అక్కడ క్షణమే ఉంటుంది. ఆగినవారికి, జారినవారికి కాలుతుంది. అన్ని కులాలవారూ, మతాలవారూ దాటగలుగుతున్నప్పుడు అది ఏ ఒక్కరి ప్రత్యేక శక్తి ఎలా అవుతుంది?

ఇక తాకకుండా పడగొట్టడం. జపాన్‌లో యానగి ర్యూకెన్ అనే వృద్ధ గురువు చేయి ఊపితే శిష్యులు వరుసగా పడిపోయేవారు. 2006లో ఆయన తన శిష్యుడు కాని ఒక యోధునితో బహిరంగంగా తలపడి, కొద్దిసేపటికే రక్తమోడుతూ ఓడిపోయారు. శిష్యులను పడగొట్టినది ఆయన చేయి కాదు, వారి నమ్మకమే. అలాంటి నమ్మకం యుద్ధరంగానికి చేరితే ఏమవుతుందో చైనా చూసింది. మంత్రాలతో, కసరత్తులతో తమ దేహాలను తుపాకీ గుండ్లు తాకవని నమ్మిన బాక్సర్ తిరుగుబాటుదారులు 1900లో వేల సంఖ్యలో నేలకొరిగారు.

ఉహుద్ యుద్ధాన్ని గుర్తు చేసుకుందాం. ఆనాడు దైవప్రవక్త (స) ఒకదానిపై ఒకటి రెండు కవచాలు ధరించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అయినా ఆయన ముఖానికి గాయమైంది, పన్ను విరిగింది. అల్లాహ్‌పై ఆయనకున్నంత నమ్మకం ఎవరికున్నది? అయినా ఆయన కవచం తొడిగారు. ప్రవక్తకే అవసరమైన కవచం మన మాస్టరు శిష్యులకు అక్కరలేదా? ఔలియాల కరామత్‌ను అంగీకరించే ఉలమాలు సైతం అది అల్లాహ్ అనుగ్రహమనీ, మనిషి కోరినప్పుడల్లా చూపేది కాదనీ అంటారు. రుసుము పెట్టి అమ్మేది కరామత్ ఎలా అవుతుంది?

ఆ సోదరికి మా సమాధానం ఇది. బాబును బండ కింద పడుకోనివ్వకండి. తావీజుకు పైసా ఇవ్వకండి. ఆ మాస్టరు శక్తి నిజమైతే, తనను ఎరుగని ఒక బలమైన యువకుణ్ణి అందరి ముందు తాకకుండా పడగొట్టమనండి. ఆయన సాకులు చెబితే పిల్లలను మరోచోట చేర్పించండి. చేర్చేముందు శిక్షకుడు ఎక్కడ నేర్చుకున్నాడో, గాయమైతే ప్రథమ చికిత్స ఏర్పాటున్నదో, అమ్మాయిలకు శిక్షకురాలు ఉన్నారో లేదో అడగండి.

మాకు బాబుకన్నా అమ్మాయి గురించే ఎక్కువ దిగులుగా ఉంది. తన చూపుతోనో, వేలితోనో దుర్మార్గుణ్ణి కూల్చగలనని నమ్మిన ఆడపిల్ల, పరుగెత్తవలసిన చోట నిలబడిపోతుంది. అరవడం, విడిపించుకోవడం, జనమున్న చోటికి పరుగెత్తడం, 112కు ఫోన్ చేయడం ఆమెకు నేర్పండి. నిజమైన శిక్షణ ఇచ్చే గురువు మొదటిరోజే ఈ మాటలు చెబుతాడు. ఈ నెల రుసుము కట్టేముందు, మాస్టరు ఇప్పటివరకు ఏమి నేర్పాడో అమ్మాయినే కూర్చోబెట్టి అడగండి.