పత్తి మనది, చొక్కా లెక్క ఎవరిది?

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

2025 ఆగస్టులో అమెరికా మన బట్టలతో సహా చాలా సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది. అదే నెల మన కేంద్రం బయటి పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది, తర్వాత దాన్ని డిసెంబరు ఆఖరు దాకా పొడిగించింది. బట్టల మిల్లులను ఆదుకోవాలి అన్నారు. సరే, ఆదుకోండి. కానీ ఎగుమతి అయిన చొక్కా రూపాయిలో మిల్లుకెంత, చేనుకెంత? అది మనకెవరూ చెప్పలేదు.

ఆ లెక్క తీసే పద్ధతి ఉంది. ఇన్‌పుట్ అవుట్‌పుట్ పట్టిక అంటారు. లియోంటీఫ్ అనే ఆయనకు దీనికే 1973లో నోబెల్ వచ్చింది. పట్టికను నిలువుగా చదివితే ఒక పరిశ్రమ ఎవరి దగ్గర ఏం కొన్నదో తెలుస్తుంది, అడ్డంగా చదివితే ఎవరికి అమ్మిందో తెలుస్తుంది. అమ్మినదాంట్లోంచి కొన్నవి తీసేస్తే మిగిలేదే అక్కడ కొత్తగా కలిసిన విలువ. మన పత్తి డబ్బుల్లోంచి విత్తనం, ఎరువు, మందులు, ట్రాక్టర్ కిరాయి తీసెయ్యండి. కూలి మాత్రం తియ్యొద్దు. కూలి కూడా మన ఊళ్లో పుట్టిన విలువే. (పొటాష్ దాదాపు మొత్తం బయటి దేశాలదే, అంటే మన పత్తిలోనూ కొంత విదేశీ సరుకుంది.)

దేశాల పట్టికలన్నీ ఒకదానికొకటి అతికిస్తే అసలు సంగతి బయటపడుతుంది. 2009లో చైనా నుంచి అమెరికా పోయిన ఐఫోన్ ఫ్యాక్టరీ ఖరీదు సుమారు 179 డాలర్లు. కస్టమ్స్ లెక్కలో అంతా చైనా ఎగుమతే. పరిశోధకులు ఒక్కో భాగం ఖరీదు విప్పి చూస్తే, చైనాలో బిగించినందుకు పడింది ఆరున్నర డాలర్లు! 2013 నుంచి ఓఈసీడీ, ప్రపంచ వాణిజ్య సంస్థ కలిసి ఇట్లాంటి లెక్కలే పట్టికలతో అన్ని రంగాలకూ ఇస్తున్నాయి.

మనది దీనికి తిరగేసిన కథ. మన దూది, నూలు బంగ్లాదేశ్ పోతాయి, చొక్కా అయి అమెరికా పోతాయి. మామూలు లెక్కలో దూది ఇక్కడోసారి, చొక్కాలో అక్కడోసారి, రెండుసార్లు పడుతుంది. పేరేమో బంగ్లాదేశ్‌ది. ఆ చొక్కా మీద ఎవరు పన్నేసినా దెబ్బ వరంగల్ మార్కెట్‌ దాకా వస్తుంది.

దేశాలను అతికించిన ఈ పట్టికలోనూ ఓ లోటుంది. పత్తి, వరి, మిర్చి అన్నీ "వ్యవసాయం" అనే ఒకే గడిలో కలిపేస్తారు. పంటవారీగా విడగొట్టి ఇవ్వమని మన రైతు సంఘాలు అడగాలి. ధర అడగడానికి వెళ్లినప్పుడే ఇదీ అడగాలి, సుంకం ఎత్తేశాక కాదు.

ఈసారి కాటా అయ్యాక మీ ఎకరం లెక్క కింద కామెంట్లో రాయండి. కూలి విడిగా చూపించండి.