సెకండ్ హ్యాండ్ సెల్టోసా, కొత్త చిన్న బండా? కారు కొనే పల్లె కుటుంబం వేసుకోవలసిన లెక్కలు

పెనుకొండ: ఎర్రమంచి వద్ద కియా కర్మాగారంలో తయారైన సెల్టోస్ కారు 2019 ఆగస్టులో మార్కెట్టులోకి వచ్చింది. అప్పటికి ఇది ఉమ్మడి అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. మన నేల మీద తయారై బయటి ఊళ్లకు పోయిన ఆ బండ్లు ఇప్పుడు చేతులు మారి మళ్లీ మన పల్లెలకే వస్తున్నాయి. మల్బరీ, పాడి, కూరగాయల మీద నాలుగు రాళ్లు వెనకేసుకున్న కుటుంబాలు ఇంటికొక కారు ఉండాలని అనుకోవడం తప్పు కాదు. ఆసుపత్రికి పోవాలన్నా, పెళ్లికి పోవాలన్నా బాడుగ బండి కోసం ఎదురుచూసే బాధ తప్పుతుంది.

అయితే ఎనిమిది, తొమ్మిది లక్షలు చేతిలో పెట్టుకుని బయలుదేరిన వారికి మొదట ఎదురయ్యే చిక్కు ఒకటే. అదే సొమ్ముకు నాలుగైదేళ్లు తిరిగిన పెద్ద బండి సెల్టోస్ వస్తుంది. కొంచెం కలుపుకుంటే అదే కర్మాగారంలో తయారయ్యే చిన్న బండి సోనెట్ కొత్తది వస్తుంది. ఏది మేలు? బ్రోకరు "ఏ మోడల్ కావాలి?" అని సంవత్సరం అడుగుతాడు. కొనేవాడు అడగవలసింది సంవత్సరం కాదు, తరం. ఆ తరంలో ఏమి ఉన్నదీ, ఏమి లేదన్నదీ తెలుసుకోకుండా రంగు, మెరుపు చూసి బేరం కుదుర్చుకుంటే నష్టపోయేది కొన్నవాడే.

తరం వేరు, ముస్తాబు వేరు

కారు కంపెనీలు రెండు మూడేళ్లకొకసారి దీపాలు, బంపర్లు, లోపలి తెరలు మార్చి కొత్త బండి అంటూ అమ్ముతాయి. ఇది ముస్తాబు మాత్రమే. బండి చట్రం, కొలతలు మారితేనే తరం మారినట్లు. సెల్టోస్ విషయమే తీసుకుంటే 2019లో వచ్చింది మొదటి తరం. 2023 జూలైలో వచ్చింది అదే తరానికి ముస్తాబు. రెండవ తరం బండిని 2025 డిసెంబరులో చూపించి, 2026 జనవరి నుంచి అమ్మకానికి పెట్టారు. ఇందులో ముందు, వెనుక చక్రాల నడుమ దూరం 8 సెంటీమీటర్లు పెరిగింది. వెనుక కూర్చునేవారికి మోకాళ్ల దగ్గర చోటు దొరికేది ఇలాంటి మార్పుతోనే.

దీనివల్ల పల్లె కొనుగోలుదారునికి కలిగే లాభం ఒకటున్నది. కొత్త తరం రాగానే పాత తరం బండి విలువ సహజంగానే తగ్గుతుంది. 2025లో చెప్పిన ధరనే ఇప్పుడూ చెప్పే బ్రోకరుకు ఈ సంగతి గుర్తు చేయాలి.

ప్రాణానికి సంబంధించిన తేడా

ముస్తాబులో కొన్ని మార్పులు అందానికి అయితే, కొన్ని ప్రాణానికి. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ సెల్టోస్‌ను గోడకు గుద్ది చూసే పరీక్ష చేసింది. పెద్దల రక్షణకు అయిదింట మూడు నక్షత్రాలు, పిల్లల రక్షణకు రెండే ఇచ్చింది. పరీక్షించిన బండిలో గాలి సంచులు రెండు మాత్రమే ఉన్నాయి. 2023 జూలైలో వచ్చిన బండికి అన్ని రకాలలోను ఆరు సంచులు పెట్టారు. అంటే 2020 నాటి చవక రకానికీ, 2023 చివరి నాటి చవక రకానికీ మధ్య తేడా మూడేళ్ల వయసు మాత్రమే కాదు, నాలుగు గాలి సంచులు కూడా.

ఇది ఒక్క కంపెనీ మాట కాదు. డ్రైవరు ముందు గాలి సంచి ఉండాలన్న నిబంధన 2019 జూలై నుంచి, పక్క సీటుకు కూడా ఉండాలన్నది 2022 జనవరి నుంచి అన్ని కొత్త కార్లకు వర్తించింది. కాబట్టి ఏ కంపెనీదైనా 2019 నాటి చవక రకం కారు కొంటే పక్క సీటులో కూర్చునే ఇల్లాలికి ఆ రక్షణ ఉన్నదో లేదో తెరచి చూసుకోవలసిందే. మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరులో మొదలయ్యాయి. కొనదలచిన బండికి ఎన్ని నక్షత్రాలు వచ్చాయన్నది ఇప్పుడు సెల్‌ఫోనులోనే చూడవచ్చు.

44వ నంబరు జాతీయ రహదారి మన జిల్లా మధ్యగా పోతున్నది. పల్లె దారిలో నలభై వేగంతో పోయే బండి రహదారి ఎక్కగానే వంద అందుకుంటుంది. అక్కడ గాలి సంచి ఒక్కటే కాపాడదు. బెల్టు పెట్టుకోని మనిషికి అది మేలు కంటే కీడే చేయవచ్చు. అయిదుగురి బండిలో ఎనిమిది మందిని ఎక్కించడం, ముందు సీటులో పసిబిడ్డను ఒడిలో పెట్టుకోవడం మానకపోతే ఎన్ని నక్షత్రాల బండి కొన్నా ప్రయోజనం లేదు.

డీజిలు మోజు, తిరుగుడు లెక్క

ట్రాక్టరు అలవాటు వల్ల కాబోలు, పల్లెల్లో కారన్నా డీజిలే కావాలంటారు. లెక్క వేసి చూద్దాం. పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిలు 98 అనుకుందాం. పెట్రోలు బండి లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిలు బండి 19 ఇస్తాయనుకుందాం. ఏడాదికి 8 వేల కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి డీజిలు మీద మిగిలేది సుమారు 17,400 రూపాయలు. డీజిలు బండికి లక్షన్నర ఎక్కువ పెట్టి ఉంటే అది తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. అదే ఏడాదికి 20 వేల కిలోమీటర్లు తిరిగే వ్యాపారికి 43,500 మిగులుతుంది. మూడున్నరేళ్లలో లక్షన్నర వచ్చేస్తుంది. అందుచేత డీజిలు మంచిదా, చెడ్డదా అన్నది కాదు ప్రశ్న. ఎవరికి మంచిదన్నదే ప్రశ్న.

మరొక సంగతి. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పటి నుంచి డీజిలు కార్ల పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటున్నది. పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు రహదారి మీద ఆగకుండా కొంతసేపు వేగంగా పరుగెత్తాలి. ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి సంతకు నాలుగు కిలోమీటర్ల చొప్పున తిరిగే బండిలో ఆ ఫిల్టరు పూడిపోతుంది. బాగుచేయించడానికి అయ్యే ఖర్చు చిన్నది కాదు. సెల్టోస్ మొదటి నుంచీ బి.ఎస్.6 ఇంజన్లతోనే వచ్చింది కాబట్టి ఆ డీజిలు బండి ఏ సంవత్సరానిదైనా ఈ జాగ్రత్త అవసరం.

పెట్రోలు బండి కొనేవారికీ ఒక గీత ఉన్నది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్ తరువాత తయారైన కార్లను దానికి తట్టుకునే భాగాలతో చేశారు. అంతకు ముందటి కార్లలో మైలేజీ కొంత తగ్గవచ్చు, బండి పాతబడే కొద్దీ రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చు. అంతమాత్రాన ఆ బండి పనికిరాదని కాదు. ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి.

పన్ను తగ్గింది, పాత బిల్లు చెల్లదు

2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల మీద జి.ఎస్.టి. మారిన సంగతి విదితమే. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18 శాతానికి దిగింది. అదే పొడవులో 1500 సి.సి. లోపు డీజిలు కార్లకు 31 నుంచి 18కి దిగింది. సోనెట్ ఈ కోవలోకి వస్తుంది. నాలుగు మీటర్లు దాటిన సెల్టోస్‌కు 45 నుంచి 40 శాతమే అయింది.

దీని భావమేమిటి? 29 శాతం పన్నుతో 10 లక్షలున్న చిన్న బండి, కంపెనీ తన ధర మార్చకపోతే, సుమారు 9 లక్షల 15 వేలకు దిగుతుంది. 45 శాతంతో 14 లక్షలున్న పెద్ద బండి 13 లక్షల 52 వేలకు మాత్రమే దిగుతుంది. చిన్న బండి కొత్తది కొనేవారికే లాభం ఎక్కువ. పాత చిన్న బండి అమ్మేవారు 2024 నాటి బిల్లు చూపించి "పది లక్షల బండి, ఏడాదిన్నరే తిరిగింది" అంటే ఆ బిల్లును పక్కన పెట్టమనాలి. ఈనాడు షోరూములో అదే బండి ఎంతో కనుక్కుని, అక్కడి నుంచి తరుగు లెక్క కట్టాలి.

అప్పు నెలనెలా, పంట ఏడాదికొకసారి

ఒక ఉదాహరణ. కొత్త బండికి 7 లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్ల కాలానికి తీసుకుంటే నెలకు సుమారు 11,440 కట్టాలి. పాత బండికి 4 లక్షలు 14 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు 10,930. నెల వాయిదా చూస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది. మొత్తం వడ్డీ చూస్తే మొదటిదానికి 2 లక్షల 61 వేలు, రెండవదానికి 1 లక్షా 25 వేలు. పాత బండికి వడ్డీ రేటు ఎక్కువైనా కట్టే వడ్డీ సగం లోపే. "నెలకు ఇంతేనన్నా" అనే మాటకు లొంగకుండా "చివరికి ఎంత?" అని అడగాలి.

వేరుశనగ మీదే ఆధారపడిన ఇంటికి సొమ్ము వచ్చేది ఏడాదికొకసారి, అదీ వాన కరుణిస్తే. పట్టుగూళ్లు, పాలు అమ్మే ఇంటికి ఏడాది పొడుగునా ఎంతో కొంత వస్తుంది. నెల వాయిదా కారు రెండవ ఇంటికి తగునేమో కాని, మొదటి ఇంటికి అది మెడకు గుదిబండ. వానలు లేని ఏడు బోరు ఎండితే కొత్త బోరుకు అప్పు తేవాలా, కారు వాయిదా కట్టాలా అన్న పరిస్థితి రాకూడదు.

బెంగుళూరు బండ్లతో జాగ్రత్త

హిందూపురం, మడకశిర ప్రాంతాల వారికి బెంగుళూరు దగ్గర. అక్కడ చవకగా దొరుకుతుందని కర్ణాటక బండ్లు తెచ్చుకునేవారున్నారు. ఆ బండిని ఇక్కడ ఏడాదికి మించి ఉంచుకోవాలంటే అక్కడి ఆర్.టి.ఓ. నుంచి ఎన్.ఓ.సి. తెచ్చి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇవన్నీ కలిపి లెక్క కడితే ఆ చవక చాలావరకు హరించుకుపోతుంది.

ఏ రాష్ట్రపు బండైనా కాగితాలు ముఖ్యం. ఆర్.సి.లో ఫైనాన్సు పేరు ఉంటే బ్యాంకు ఎన్.ఓ.సి., 35వ నంబరు ఫారం లేనిదే డబ్బు ఇవ్వరాదు. అమ్మేవాడు 29, 30 నంబరు ఫారాల మీద సంతకం చేయాలి. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్.టి.ఓ.కు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో కొన్నవారి పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని పేరునే వదిలేస్తే ప్రమాదం జరిగిన రోజున బండి నష్టం రాబట్టుకోవడం కష్టమవుతుంది.

బండిని చూసేటప్పుడు పగటి వెలుగులో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కిలోమీటర్ల అంకెను నమ్మకుండా కంపెనీ సర్వీసు సెంటరులో పాత రికార్డు అడగాలి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. ముప్పై వేలే తిరిగిందన్న పాత బండికి కొత్త టైర్లు ఎందుకు పడ్డాయో అడగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలకు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. కాబట్టి సీటు బెల్టును చివరిదాకా లాగి, స్టెప్నీ కింద తడిమి బురద మరకలున్నాయేమో చూడడం మరువరాదు. ఊరి మెకానిక్‌కు ఒక రోజు కూలి ఇచ్చి వెంట తీసుకుపోవడం దండగ కాదు.

ఎవరికి ఏది?

ఇంటిల్లిపాదీ నలుగురైదుగురు, ఏడాదికి పది వేల కిలోమీటర్ల లోపు తిరుగుడు, నెలనెలా కొంత రాబడి ఉన్నవారికి నాలుగు మీటర్ల లోపు కొత్త పెట్రోలు బండి సరిపోతుంది. పన్ను తగ్గింపు ఫలం ముట్టేదీ వారికే. అప్పు వద్దు, చేతిలో సొమ్ముతోనే కొంటామనేవారు 2023 జూలై తరువాతి మొదటి తరం పెట్రోలు సెల్టోస్‌ను గానీ, ఆరు సంచులున్న ఇతర కంపెనీల ఆ కాలపు బండ్లను గానీ వెదకడం మంచిది. డీజిలు బండి రహదారి మీద ఎక్కువ తిరిగేవారికి వదలాలి. 2019, 2020 నాటి చవక రకాలు ఎంత తక్కువకు వచ్చినా భార్యాబిడ్డలను ఎక్కించుకునే ముందు ఆలోచించాలి.

ఎద్దును కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టి, సుళ్లు చూసి, అరక కట్టి నడిపించి చూసే రైతుకు ఈ పరీక్షలు కొత్తవేమీ కాదు. సంతలో చూపే ఆ ఓర్పు షోరూములోను, బ్రోకరు దగ్గర కూడా చూపితే చాలు.