తొట్టె తర్వాత, ముందు పంతులుకు శిక్షణ

మట్టి లేకుండా, పోషక లవణాలు కలిపిన నీటిలోనే మొక్కలు పెంచే హైడ్రోపోనిక్స్ పద్ధతిని బడిలో పాఠంగా చెప్పాలన్న మాట ఈమధ్య వినిపిస్తోంది. పొలాల మధ్యనున్న ఊళ్లో నీళ్లల్లో తోటకూర పెంచడమేమిటని పెద్దలు నవ్వవచ్చు. కూర కోసమైతే ఆ నవ్వు సబబే. బడి పెరట్లో నాలుగు మళ్లు చాలు. పాఠం కోసమైతే సంగతి వేరు.

మట్టిలో వేరు కనపడదు. మొక్కకు ఏ పోషకం తక్కువైందో తెలియదు. నీటిలో రెండూ తెలుస్తాయి. 1860 ప్రాంతాల్లో జర్మనీ శాస్త్రజ్ఞులు సాక్స్, క్నాప్ మొక్కల ఆహారమేమిటో ఇలాగే తేల్చారు. మన దేశంలో 1946లోనే కాలింపాంగ్‌లో షాల్టో డగ్లస్ ఈ సేద్యంపై ప్రయోగాలు చేశారు.

ఒక సీసాలో నత్రజని, మరో సీసాలో ఇనుము లేకుండా చేస్తే మొదటిదానిలో ముదురాకులు పసుపుబారతాయి. రెండవదానిలో లేతాకులు పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఈ తేడా చూసిన పిల్లవాడు, వేరుశనగ చేలో లేతాకులు ఇలా తెల్లబారితే యూరియా బస్తాకు బయల్దేరే తండ్రిని ఆపగలడు. అక్కడ కావలసింది ఎకరాకు 200 లీటర్ల నీటిలో కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ.

ఇంత విలువైన పాఠం తెలియనివారి చేతిలో పాడవుతుంది. వెలుతురు తగిలితే నీరు పాచిపడుతుంది. వేళ్లన్నీ మునిగితే గాలి అందక కుళ్లుతాయి. బోరు నీరు ఉప్పనైతే లవణాల లెక్క తప్పుతుంది. మొక్క చచ్చాక తొట్టె సామాన్ల గదికి, నింద పంతులుకు చేరతాయి.

ఒకపూట ఉపన్యాసం విని సంతకం పెట్టి రావడం శిక్షణ కాదు. తోటకూర కోతకు సుమారు నెల పడుతుంది. ఆ నెలంతా ఉపాధ్యాయుడు తానే పెంచి, ఆకు ఎందుకు పాలిపోయిందో తానే తేల్చుకోవాలి. డైట్, కృషి విజ్ఞాన కేంద్రం కలిసి ఈ పని చేపట్టాలి. మొదట పంపులూ కరెంటూ అక్కర్లేదు. నల్ల కాగితం చుట్టిన సీసాలు, వేళ్ల పైభాగానికి గాలి తగిలే ఖాళీ ఉంటే చాలు.

ఏకోపాధ్యాయ బడులపై ఈ భారం మోపరాదు. ఉన్నత పాఠశాలల సైన్సు ఉపాధ్యాయులతో మొదలుపెట్టాలి. బదిలీలు తప్పవు గనుక బడికి ఇద్దరికి నేర్పాలి. వేసవి సెలవుల్లో నీళ్లు మార్చేవారుండరు గనుక జూలైలో మొదలుపెట్టి సంక్రాంతిలోగా ముగించాలి. తొట్లకు డబ్బు ఖర్చు పెట్టేముందు విద్యాశాఖ అధికారులు ఈ సంగతి ఆలోచించాలి.